ఆంచెలోటియా, కొంతెయా?

2025 మే 23 రాత్రి నాపోలీ 2-0తో కాలియారిని ఓడించి ఇటలీ ఫుట్‌బాల్ లీగ్ గెలుచుకుంది. అంతకుముందు మ్యాచ్‌లో రెడ్ కార్డు పడడంతో కోచ్ ఆంటోనియో కొంతె ఆ గెలుపును స్టాండ్స్‌లో కూర్చునే చూడాల్సి వచ్చింది. మర్నాడు మాడ్రిడ్‌లో కార్లో ఆంచెలోటి రియల్ మాడ్రిడ్‌కు వీడ్కోలు చెప్పి, బ్రెజిల్ జట్టును అందుకోవడానికి బయలుదేరాడు. ఆ రెండు రోజులు ఎందుకు కలిసి వచ్చాయో గానీ, అప్పటి నుంచి మిత్రులు నన్ను అడుగుతున్నది ఒకటే: మిడ్‌ఫీల్డ్‌లో ఆడి కోచ్‌లైన ఇటాలియన్లలో ఎవరు మేలు? (కొంతె అని రాస్తే ‘కొంచెమే’ అన్నట్టుందని ఒకాయన నవ్వాడు. ఇటలీలో పలికేది అలాగే. కాంటే అని రాస్తే, చెల్సీలో అతని కిందే ఆడిన ఫ్రెంచి ఆటగాడు అడ్డొస్తాడు.)

మిగతా పేర్లు ముందే పక్కన పెట్టేస్తాను. పిర్లో యువెంటస్‌లో ఒక్క ఏడాది ఉండి రెండు చిన్న కప్పులు గెలిచాడు, లీగ్‌లో నాలుగో స్థానంలో నిలిచాడు. గట్టూసోకు నాపోలీతో 2020లో ఇటలీ కప్పు దక్కింది. అంతకు మించి వాదించడానికి ఏమీ లేదు.

ఆటగాళ్లుగా చూస్తే ఆంచెలోటిదే కాస్త పైచేయి. మోకాళ్లు సరిగ్గా లేవని తెలిసినా అప్పటి మిలాన్ కోచ్ సాక్కీ పట్టుబట్టి మరీ అతన్ని మిలాన్‌కు తెచ్చుకున్నాడు. 1989 యూరోపియన్ కప్ (యూరప్ ఛాంపియన్ క్లబ్బుల పోటీ, ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) సెమీస్‌లో రియల్ మాడ్రిడ్‌ను 5-0తో చిత్తు చేసిన రాత్రి, మొదటి గోల్ దూరం నుంచి కొట్టింది ఇతనే. కొంతె యువెంటస్‌లో 13 ఏళ్లు ఊపిరి బిగబట్టి పరుగెత్తిన కష్టజీవి. ఇద్దరూ ఒకే జట్టులో గడిపిన రెండేళ్లు మాత్రం చాలామందికి గుర్తుండవు. 1999 నుంచి 2001 వరకు యువెంటస్ కోచ్ ఆంచెలోటి, మిడ్‌ఫీల్డ్‌లో కొంతె. 2000 మే 14న, లీగ్ చివరి రోజు, పెరూజాలో కుండపోత. రెఫరీ కొల్లీనా గంటకు పైగా ఆట ఆపి, ఆ చెరువులాంటి మైదానంలోనే మళ్లీ మొదలుపెట్టించాడు. యువెంటస్ 0-1తో ఓడింది, ఒక్క పాయింటు తేడాతో టైటిల్ లాత్సియో పాలైంది. గురువూ శిష్యుడూ ఆ రోజు ఒకే వానలో తడిశారు.

లీగ్ టైటిళ్ల లెక్క తీస్తే, 2025 మే నాటికి ఇద్దరికీ చెరి ఆరు. కానీ ఆంచెలోటి పెద్ద జట్ల బాట పట్టింది 1996లో, కొంతె 2011లో. సగం కాలంలో అన్నే గెలిచినవాడిది తక్కువ పనితనమని ఎలా అంటాం? మాల్దీని, షెవ్‌చెంకో, కకా ఉన్న మిలాన్‌తో ఎనిమిదేళ్లలో ఆంచెలోటి గెలిచిన లీగ్ ఒక్కటే. ఆయన అభిమానిని అయినా నాకు అది మింగుడు పడదు. చెల్సీలో మొదటి ఏడాదే లీగ్ గెలవడం, రెండో ఏడాది ముగిశాక ఉద్యోగం పోవడం ఇద్దరికీ జరిగింది. నాపోలీలో మాత్రం కథ ఏకపక్షమే. 2019లో క్లబ్బు పెట్టిన శిక్షణ శిబిరానికి వెళ్లబోమని ఆటగాళ్లు మొండికేస్తే ఆంచెలోటి చేష్టలుడిగి చూశాడు, డిసెంబరుకల్లా అతన్ని సాగనంపారు. కొంతె అదే క్లబ్బును పదో స్థానంలో అందుకుని ఏడాది తిరిగేసరికి ఛాంపియన్‌ను చేశాడు.

ఛాంపియన్స్ లీగ్ దగ్గరికి వస్తే పోలికే లేదు. కోచ్‌గా ఆంచెలోటివి ఐదు కప్పులు. కొంతె క్వార్టర్ ఫైనల్ దాటలేదు. అయితే నా తూకంలో బరువైనది ఆ ఐదు కాదు, వాటికి ముందు చేసిన ఒక తప్పు.

1997 వేసవిలో ఇటలీ దాడి ఆటగాడు రొబెర్తో బాజ్జో పార్మాకు రావడానికి సిద్ధపడ్డాడు. కోచ్ ఆంచెలోటి వద్దన్నాడు. సాక్కీ దగ్గర నేర్చుకున్న 4-4-2 (రక్షణలో నలుగురు, మిడ్‌ఫీల్డ్‌లో నలుగురు, ముందు ఇద్దరు) ఆయనకు అప్పట్లో వేదం. అందులో బాజ్జోలాంటి స్వేచ్ఛాజీవికి చోటెక్కడ? బాజ్జో బొలోన్యా వెళ్లి ఆ సీజన్ లీగ్‌లో 22 గోల్స్ కొట్టాడు. అంతకుముందు ఏడాదే పార్మా దాడి ఆటగాడు జోలా కూడా ఆ గీతల మధ్య ఇమడలేక చెల్సీకి వెళ్లిపోయాడు. తర్వాత ఆంచెలోటి తన తప్పును దాచుకోలేదు. అంతకన్నా ముఖ్యం, మళ్లీ చేయలేదు. యువెంటస్‌లో జిదాన్ కోసం 4-4-2ను వదిలాడు. మిలాన్‌లో రక్షణ వరుస ముందు ఆడతానని పిర్లో వచ్చి అడిగితే సరేనన్నాడు. పిర్లో, సీడోర్ఫ్, రుయి కోస్తా ముగ్గురూ మిడ్‌ఫీల్డ్‌లో దాడిని అల్లే సృజనకారులు. ఒకే జట్టులో ముగ్గురికీ చోటు చూపించి, 2003లో ఛాంపియన్స్ లీగ్ కప్పు తెచ్చాడు. ఇరవై ఏళ్ల తర్వాత రియల్ మాడ్రిడ్ నుంచి స్ట్రైకర్ బెంజెమా వెళ్లిపోతే కొత్త స్ట్రైకర్ కోసం యాగీ చేయలేదు. మిడ్‌ఫీల్డర్ బెల్లింగామ్‌ను దాడి వరుస వెనక నిలబెట్టి, లీగ్‌లో 19 గోల్స్ రాబట్టాడు.

కొంతె మొండివాడు, మారడు అంటే నేను ఒప్పుకోను. యువెంటస్‌కు 4-2-4తో వచ్చినవాడు పిర్లో, విడాల్, మార్కీజియోలను చూసి దాన్ని మార్చుకున్నాడు. ఏళ్ల తరబడి వేరే క్లబ్బులకు అద్దెకు తిరుగుతున్న మోజెస్‌తో చెల్సీలో లీగ్ గెలిచాడు. కానీ అతని ఆటలో ఎవరు ఎప్పుడు ఎక్కడికి పరుగెత్తాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. శిక్షణలో కంఠతా పట్టించిన పాఠం అది. 38 వారాల లీగ్‌లో ఆ పాఠానికి తిరుగులేదు. పాఠంలో లేని ప్రశ్న పడే రాత్రుల్లోనే చిక్కు. పైగా ఆ బిగింపు రెండు మూడేళ్లకు మించి తాళదు. 2014 జులైలో సీజన్ సన్నాహాలు మొదలైన మర్నాడే యువెంటస్‌ను వదిలాడు. ఇంటర్‌ను ఛాంపియన్‌ను చేసిన నెలలోనే వెళ్లిపోయాడు. టాటెన్‌హామ్‌లో ఉండగా విలేకరుల ముందే తన ఆటగాళ్లను కడిగేసి, కొద్ది రోజుల్లో బయటికి నడిచాడు.

కూలిన ఇంటిని నిలబెట్టాలంటే కొంతెనే పిలవండి, నాకేమీ అభ్యంతరం లేదు. నా మొగ్గు మాత్రం ఆంచెలోటి వైపే. ఎందుకో 2022 మే 4 రాత్రి చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. మాంచెస్టర్ సిటీతో రియల్ మాడ్రిడ్ ఛాంపియన్స్ లీగ్ సెమీస్ రెండో మ్యాచ్, మొత్తం మీద రెండు గోల్స్ వెనకబాటు. అప్పటికే క్రూస్, మోద్రిచ్, కాసెమిరో ముగ్గురినీ బయటికి పిలిచేశాడు ఆంచెలోటి. 90వ నిమిషంలో ఒకటి, 91లో ఇంకొకటి, రెండూ క్రూస్ స్థానంలో దిగిన రోద్రిగోవే. అదనపు సమయంలో ఇంకెవరిని మార్చాలో తేలక, ఆంచెలోటి బెంచీ మీదున్న మార్సెలోను, క్రూస్‌ను అడుగుతూ కనిపించాడు. ఆ చోట కొంతెను ఊహించుకుందామని ఎన్నిసార్లు ప్రయత్నించినా, అతను అడగడం కాదు, వాళ్లిద్దరినీ లేచి నిలబడమని అరవడమే వినిపిస్తుంది.