లీచెస్‌ని ఏళ్ల తరబడి వాడాక: చదరంగం గురించి అందరూ అడిగేవి, నేను చెప్పేవి

గుంటూరులో పిల్లాడికి చదరంగం నేర్పిస్తున్నామంటే చాలు, ఎదుటివాళ్లు హరికృష్ణ పేరో హారిక పేరో ఎత్తుతారు. ఆ గ్రాండ్‌మాస్టర్లు ఇద్దరూ ఈ ఊరి వాళ్లే కదా. ఆ వెంటనే "మరి ఫోన్లో ఏది పెట్టించారు?" అని అడుగుతారు. లీచెస్ అని చెబుతాను, ఉచితంగా చదరంగం ఆడుకునే యాప్ అది. నేనూ మా అబ్బాయీ చాలా ఏళ్లుగా అందులోనే ఆడుతున్నాం. ఖమ్మంలో ఉండే మా బావమరిదికి కూడా నేనే అలవాటు చేశాను. ఆడుకోవడానికి చోట్లు బోలెడున్నాయి. ఆడిన ఆటను మళ్లీ తిరగేసి ఎక్కడ దెబ్బతిన్నామో చూసుకోవడానికి మాత్రం ఇంతకన్నా మంచిది నాకు కనబడలేదు.

ఉచితం అనగానే చాలామందికి అనుమానం. ఇందులో మెలికేం లేదు. థిబో డుప్లెసీ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ 2010లో దీన్ని మొదలుపెట్టాడు. ఇప్పుడు ఫ్రాన్స్‌లో రిజిస్టరైన, లాభాపేక్ష లేని సంఘం నడుపుతోంది. ప్రకటనలు ఉండవు. ఖర్చంతా విరాళాల మీదే నడుస్తుంది. కోడ్ మొత్తం ఎవరైనా చూడొచ్చు. డబ్బిచ్చినవాళ్ల పేరు పక్కన చిన్న రెక్కల గుర్తు వస్తుంది, అంతకుమించి వాళ్లకు దక్కే సదుపాయం ఒక్కటీ లేదు. పజిల్స్, విశ్లేషణ, ఓపెనింగుల లెక్కలు అన్నీ అందరికీ సమానమే. కోచింగ్ ఫీజు, టోర్నమెంట్ ఎంట్రీలు, బస్సు చార్జీలు కట్టుకునే ఇంట్లో ఇది ఎంత ఊరటో ఆ ఖర్చులు భరించేవాళ్లకే తెలుస్తుంది. అందుకే ఏటా ఎంతో కొంత నేనూ పంపుతాను.

కొత్తగా చేరినవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు "యాప్ నా బంటుని మాయం చేసింది" అని. అది ఆన్‌పాసాన్. బోర్డు మీద నిలువు వరుసలకు ఎ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరుసలకు 1 నుంచి 8 దాకా అంకెలు ఉంటాయి. మీ తెల్ల బంటు ఇ5లో ఉంది. పక్క వరుసలో అవతలివాడు డి7 బంటుని ఒకేసారి రెండు గడులు దూకించి డి5లో పెట్టాడు. వాడు ఒక్క గడే జరిపి ఉంటే మీరు కొట్టేసేవాళ్లే కదా, ఆ హక్కు పోకూడదని ఈ నియమం. మీ బంటు డి6లోకి వెళ్తుంది, డి5లో ఉన్న బంటు బోర్డు మీంచి లేస్తుంది. కాకపోతే వెంటనే వచ్చే ఎత్తులోనే కొట్టాలి, ఆలస్యం చేస్తే ఆ అవకాశం పోయినట్టే. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఆడే పద్ధతిలో చాలాచోట్ల బంటు మొదట కూడా ఒక్క గడే నడుస్తుంది, కాబట్టి వాళ్లకు ఇది మరీ వింతగా ఉంటుంది. కాజ్లింగ్ (ఒకే ఎత్తులో రాజుని ఏనుగు వైపు రెండు గడులు జరిపి, ఏనుగుని రాజు అవతలి పక్కకు తేవడం) మీదా ఇలాంటి సందేహాలే. రాజుకి చెక్ ఉన్నప్పుడు చేయకూడదు, రాజు దాటే గడి మీద గానీ దిగే గడి మీద గానీ శత్రువు దాడి ఉంటే చేయకూడదు. ఏనుగు మీద దాడి ఉన్నా ఫర్వాలేదు. మంత్రి వైపు చేసేటప్పుడు బి వరుసలోని గడి మీద దాడి ఉన్నా అడ్డేం లేదు, రాజు దాని మీదుగా పోడు కాబట్టి.

స్టేల్‌మేట్ దగ్గర మాత్రం పిల్లలు నిజంగా ఏడుస్తారు. చేతిలో మంత్రి ఉండి, ఎదుట ఒంటరి రాజు మాత్రమే ఉండి, ఆట డ్రా అయిపోతుంది. నల్ల రాజు హెచ్8 మూలలో ఉన్నాడు, మీరు మంత్రిని తెచ్చి జి6లో పెట్టారు అనుకోండి. జి8, జి7, హెచ్7 మూడూ మంత్రి చూపులోనే ఉన్నాయి. రాజుకి చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. డ్రా. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. మంత్రికీ శత్రు రాజుకీ మధ్య గుర్రం ఎత్తు దూరం ఉంచుతూ రాజుని అంచుకు తోలుకుంటూ పోవాలి, రాజు మూలలోకి దూరగానే ఆ పద్ధతి ఆపేసి మన రాజుని దగ్గరకు నడిపించుకోవాలి. లీచెస్‌లో ప్రాక్టీస్ అనే విభాగంలో ఈ మేట్‌లన్నీ (రాజుకి తప్పించుకునే దారి లేకుండా చెక్ పెట్టి గెలవడం) కంప్యూటర్ ఎదుట చేసి చూపించమంటుంది. మంత్రితో మేట్, ఏనుగుతో మేట్, బంటు ఎండ్‌గేమ్‌లో కీలకమైన గడులు, అన్నీ ఉన్నాయి. మా అబ్బాయి చేత రోజూ పడుకోబోయే ముందు ఒకటి చేయించేవాణ్ని. ఓపెనింగ్ వీడియోల కన్నా వాడికి ఎక్కువ పాయింట్లు తెచ్చింది ఇదే.

సమయం అయిపోయినప్పుడు వచ్చే ఫలితం కూడా అయోమయంగానే ఉంటుంది. అవతలివాడి గడియారం సున్నాకి వచ్చినా, మీ దగ్గర ఒట్టి రాజు మాత్రమే ఉంటే డ్రా. మీ దగ్గర ఒక గుర్రం ఉండి వాడి దగ్గర బంటు ఉంటే మాత్రం గెలుపు మీదే. వాడు సహకరిస్తే మేట్ పడే అవకాశం ఏ మూలో ఉంది కదా. ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నియమం కూడా ఇదే.

ఇక రేటింగ్, అంటే ఆటగాడి బలం చెప్పే అంకె. తల్లిదండ్రుల టెన్షన్ అంతా ఇక్కడే. లీచెస్‌లో అందరూ 1500తో మొదలవుతారు. మొదట్లో ఆ అంకె పక్కన ప్రశ్నార్థకం ఉంటుంది, ఇంకా మీ బలం తెలియలేదని దానర్థం. ఆ దశలో ఒక్కో ఆటకే అంకె విపరీతంగా ఊగుతుంది. చూసి కంగారు పడొద్దు. ఇంకో మాట, లీచెస్ రేటింగ్‌నీ ఫిడే రేటింగ్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. రెండూ వేర్వేరు లెక్కలు, మామూలుగా లీచెస్ అంకె పెద్దదిగా ఉంటుంది. ఫిడే రేటింగ్ రావాలంటే రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం 5 ఆటలు ఆడాలి, పైగా 2024 మార్చి నుంచి అది 1400 కంటే తక్కువ ఉండదు. ఆన్‌లైన్‌లో 1800 ఉన్న పిల్లాడికి ఫిడేలో 1450 వస్తే వాడు వెనకబడినట్టు కాదు. ఈ మాట వాడికి ముందే చెప్పి టోర్నమెంట్‌కి తీసుకెళ్లండి.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆట అయిపోయాక చేసే పని. విశ్లేషణ అడగగానే స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ (ఎత్తులు లెక్కకట్టే చదరంగం ప్రోగ్రామ్) ఆటంతా చూసి గ్రాఫ్ గీస్తుంది. ఆ కింద మీ తప్పుల నుంచి నేర్చుకోండి అనే బటన్ ఉంటుంది. నొక్కితే, తప్పు చేసిన చోటికి బోర్డుని వెనక్కి తీసుకెళ్లి, ఇప్పుడు సరైన ఎత్తు వేయమంటుంది. మనం అడిగితే తప్ప జవాబు చెప్పదు, మనమే వెతకాలి. మా ఆఫీసులో ఒకావిడ కూతురు నాలుగెత్తుల మేట్‌లో పదే పదే పడిపోయేది. తెల్ల శకటు సి4లో, మంత్రి హెచ్5లో ఉండగా గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చేది, మంత్రి ఎఫ్7 మీద కొట్టేది, ఆట ముగిసేది. ఆ బటన్ నొక్కించాను. పాప ముందు డి6 వేసింది, కాదంది. కాసేపు మంత్రి వైపే చూస్తూ కూర్చుని జి6 వేసింది. అది సరైందే. తెల్ల మంత్రి ఎఫ్3కి వెళ్లి మళ్లీ ఎఫ్7 మీద కన్నేస్తే, అప్పుడు గుర్రం ఎఫ్6కి రావాలని తనే చెప్పింది. నేను నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని పాఠం అది.

అదే స్టాక్‌ఫిష్‌ని ఎప్పుడు పడితే అప్పుడు తెరవనిస్తే నష్టమే. 1997లో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించడానికి ఐబీఎంకి డీప్ బ్లూ అనే పెద్ద యంత్రం కావాల్సి వచ్చింది. ఇవాళ మన జేబులో ఫోన్‌లో నడిచే ఇంజిన్ ఏ ప్రపంచ చాంపియన్ కన్నా బలమైనది. దాని జవాబు ముందే చూస్తే పిల్లాడు ఆలోచించడం మానేస్తాడు. చెన్నైలో తెలుగు ఇంట్లో పుట్టి 18 ఏళ్లకే 2024లో ప్రపంచ చాంపియన్ అయిన గుకేశ్‌కి, కోచ్ విష్ణు ప్రసన్న చిన్నతనంలో చాలాకాలం ఇంజిన్ వాడనివ్వలేదు. మా ఇంట్లో పద్ధతి కూడా అదే: ముందు మా అబ్బాయి తన మాటల్లో ఎక్కడ ఎందుకు ఓడాడో చెప్పాలి, తర్వాతే విశ్లేషణ.

ఆన్‌లైన్ ఆట నేర్పనివి కొన్నున్నాయి. ఇది ఏ యాప్‌కైనా వర్తిస్తుంది. మా వాడు మొదటి టోర్నమెంట్‌లో కాజ్లింగ్ చేయబోయి ముందు ఏనుగుని పట్టుకున్నాడు. ఫోన్లో తేడా ఏమీ ఉండదు. హాల్లో అయితే ముట్టుకున్న ఏనుగునే జరపాలి, ఆ వైపు కాజ్లింగ్ ఆ ఎత్తుకి లేదు. బంటు చివరి గడికి చేరినప్పుడు ఫోన్లో మంత్రి తెర మీదే దొరుకుతుంది. హాల్లో మంత్రి దొరక్క ఏనుగుని తలకిందులుగా పెడితే దాన్ని ఏనుగుగానే లెక్కేస్తారు. గడియారం ఆపి ఆర్బిటర్‌ని (ఆట నిర్ణేతని) మంత్రి అడగాలి. చెల్లని ఎత్తు వేస్తే అవతలివాడికి 2 నిమిషాలు కలుస్తాయి, క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే) ఆటలో రెండోసారీ వేస్తే ఓటమే. పైగా ఫోన్ తెర మీద చప్పున కనబడే శకటు దాడి, నిజం బోర్డు మీద కూర్చున్న ఎత్తు నుంచి చూస్తే కనబడదు. అందుకే పక్కన వినైల్ బోర్డు పరిచి, ఫోన్లో ఆడే ఆటని దాని మీద కూడా ఆడించండి.

ఏ వేగంలో ఆడాలి? లీచెస్ ఒక ఆటని 40 ఎత్తులుగా అంచనా వేసి వర్గం తేలుస్తుంది. 15+10 అంటే 15 నిమిషాలు, దానికి ఎత్తుకి 10 సెకన్ల చొప్పున 40 ఎత్తులకు 400 సెకన్లు కలిపితే 22 నిమిషాలకు చేరువ, ర్యాపిడ్ కింద లెక్క. నేర్చుకునేవాళ్లకి ఇదే మంచిదని నా గట్టి నమ్మకం. బుల్లెట్ (ఒకటి రెండు నిమిషాల ఆట) పిల్లల చేతికి ఇవ్వొద్దు. చెయ్యి వేగం పెరుగుతుంది గానీ, ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో చూసే అలవాటు పోతుంది.

ఖాతా పిల్లలదైతే సెట్టింగ్స్‌లో కిడ్ మోడ్ పెట్టండి. చాట్, మెసేజ్‌లు అన్నీ ఆగిపోతాయి, ఆట ఒక్కటే ఉంటుంది. జెన్ మోడ్ పెడితే ఆడేటప్పుడు రేటింగ్‌లు కూడా తెర మీద కనిపించవు. రేటింగ్ చూసి బెదిరిపోయే పిల్లలకి మొదటి రోజు నుంచే అది పెట్టి ఉంచండి.