జాగ్రత్త: పక్కలు కోసేసిన ‘హాలోవీన్’ డిస్కు అమ్ముతున్నారు

పాత హారర్ సినిమాల డిస్కులు కొనేవాళ్లు ఇది చదవండి. 1978 నాటి ‘హాలోవీన్’ బ్లూరే ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర తెప్పించాను. కవర్ మీద ‘ఒరిజినల్ వైడ్‌స్క్రీన్’ అని అచ్చు వేశారు. తీరా పెట్టి చూస్తే పైనా కిందా నల్ల పట్టీలు రావాల్సింది, బొమ్మ టీవీ నిండా పరుచుకుంది. టీవీలో జూమ్ ఆన్ అయి ఉందేమోనని చూశాను, లేదు. రెండు పక్కలా కోసేసి డిస్కులోకి ఎక్కించారు.

ఈ సినిమా ఫ్రేమ్ 2.35:1, అంటే ఎత్తుకు 2.35 రెట్లు వెడల్పు. దాన్ని టీవీ కొలత 16:9కి కోస్తే దాదాపు పావు వంతు బొమ్మ పోతుంది. దర్శకుడు జాన్ కార్పెంటర్, కెమెరామన్ డీన్ కండీ భయాన్ని దాచింది సరిగ్గా ఆ పక్కల్లోనే. కథానాయిక లారీ అనే అమ్మాయి పాట పాడుకుంటూ వీధిలో వెళ్లిపోతుంటే హంతకుడి భుజం ఫ్రేమ్ అంచులోకి వస్తుంది, ఊపిరి వినబడుతుంది. పట్టపగలు! అతనున్నాడని మనకు తెలుసు, ఆ పిల్లకు తెలియదు. టెన్షన్ అంతా అక్కడే. ఈ డిస్కులో ఆ భుజం సగం తెగిపోయింది. హారర్‌లో ఒక మనిషిని ఓ పక్కన నిలబెట్టి మిగతా ఫ్రేమ్ ఖాళీగా వదిలారంటే, ఎవరొస్తారోనని మన కళ్లు ఆ ఖాళీలోనే వెతుకుతాయి. ఆ ఖాళీనే కత్తిరించేస్తే ఇంక దేనికి భయపడాలి?

పైగా బ్రైట్‌నెస్ కూడా పెంచేశారు. చివర్లో లారీ గోడకు ఆనుకుని ఏడుస్తుంటే, వెనక గుమ్మంలోని చీకట్లోంచి హంతకుడి తెల్ల మాస్క్ మెల్లగా తేలుతుంది. కట్ లేదు, వెలుతురే కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఎన్నిసార్లు చూసినా గుండె ఝల్లుమనే షాట్ అది. ఇందులో మాస్క్ మొదటి నుంచీ కనబడుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సెల్లర్‌ని అడిగితే “నల్ల పట్టీలు ఉంటే కస్టమర్లు తిట్టుకుంటారు సర్” అన్నాడు. సీల్ విప్పారు కాబట్టి డబ్బు వాపసు ఇవ్వనన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను.

కొనే ముందు కవర్ వెనక వైపు ఫొటో అడగండి. ఈ సినిమాకైతే 2.35:1 అని ఉండాలి, టీవీలో పైనా కిందా పట్టీలు రావాలి. అన్నిటికీ ఇదే లెక్క కాదు. ‘సైకో’ లాంటివి 1.85:1, వాటికి పట్టీలు చాలా సన్నం. ‘ఫుల్ స్క్రీన్’ అని గొప్పగా రాసి ఉంటే మాత్రం కొనకండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, రిటర్న్ గడువు దాటకముందే డిస్కు పెట్టి చూడండి.