ఎనిమిది రోజుల మౌన ధ్యానం: ఒక కాథలిక్ ధ్యాన కేంద్రం గురించి

క్రైస్తవ కూడికలంటే మన ప్రాంతంలో చాలామందికి గుర్తుకు వచ్చేవి షామియానా, మైకు, కీబోర్డు, అర్ధరాత్రి దాకా సాగే ప్రార్థన. ఈ సమీక్ష వాటితో ఏమాత్రం పోలిక లేని ఒక సేవ గురించి. నగరానికి కొంత దూరంలో ఉన్న ఒక కాథలిక్ ధ్యాన కేంద్రం ఏటా నిర్వహించే ఎనిమిది రోజుల మౌన ధ్యానానికి నేను హాజరయ్యాను. ప్రొటెస్టెంటు సంఘానికి చెందినవాడినని దరఖాస్తులోనే రాసినా వారు అభ్యంతరం చెప్పలేదు; పూజలో పంచే పవిత్ర రొట్టె అయిన దివ్యసత్ప్రసాదం మాత్రం కాథలిక్కులకేనని ముందుగానే మర్యాదగా తెలియజేశారు.

ఈ ధ్యానానికి ఆధారం ఇగ్నేషియస్ లొయోలా కూర్చిన ఆధ్యాత్మిక సాధనలు. విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల ఈయన పేరు మీద వెలసినదే. 1521లో స్పెయిన్‌లోని పంప్లోనా కోట పోరులో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన ఈ సైనికుడు, మరుసటి సంవత్సరం మన్రేసా అనే ఊరు చేరి, నెలల తరబడి ప్రార్థనలో గడుపుతూ, ఒకప్పుడు ఆనందంతో పొంగిపోయి, ఇంకొకప్పుడు ఆత్మహత్య తలంపు వచ్చేంతగా కుంగిపోయి, ఆ ఎగుడుదిగుడులను గమనించి రాసుకున్నాడు. ఆ రాతలు పుస్తకమై 1548లో మూడవ పౌలు పోపు ఆమోదం పొందాయి. పూర్తి సాధనకు సుమారు 30 రోజులు పడుతుంది. ఎనిమిది రోజులది దాని కుదింపు. గదులు చిన్నవైనా శుభ్రంగా ఉన్నాయి, భోజనం సాదాగా ఉంది. అంతకుమించి వాటి గురించి చెప్పవలసింది లేదు. ఈ కేంద్రాన్ని నేను ఆ పుస్తకం పెట్టిన కొలతలతోనే తూచాను.

చేరగానే ఫోనును కవరులో పెట్టి, పైన పేరు రాసి కార్యాలయంలో అప్పగించాలి. రోజుకు నాలుగు విడతలు, విడతకు ఒక గంట చొప్పున, ఇచ్చిన వాక్యభాగంతో ఒంటరిగా ప్రార్థించాలి. రాత్రి ఆత్మపరిశీలన చేసుకోవాలి. రోజుకొకసారి మార్గదర్శకులైన ఫాదర్ గారిని అరగంట కలవాలి. ఆయన ప్రసంగించరు. ఆ రోజు ప్రార్థనలో ఏం జరిగిందో అడిగి వింటారు.

మొదటి కొలత, ప్రార్థన ఎండిపోయిన రోజున మార్గదర్శకుడు ఏం చేస్తాడన్నది. మధ్యలో ఒక రోజు కీర్తనల గ్రంథం తెరిస్తే అక్షరాలు తప్ప మరేమీ కనబడలేదు. గంట పూర్తికాక ముందే లేచి బయటికి వెళ్ళిపోవాలనిపించింది. ఆ సంగతి చెప్పినప్పుడు ఫాదర్ గారు ఓదార్చనూ లేదు, గద్దించనూ లేదు. "రేపు గంట అయ్యాక ఇంకో ఐదు నిమిషాలు కూర్చోండి, బ్రదర్" అన్నారు. ఇది ఆయన సొంత చిట్కా కాదు. ప్రార్థన ఎండిపోయినప్పుడు గంటకన్నా కాస్త ఎక్కువసేపే నిలవమని పుస్తకంలోనే ఉంది. అటువంటి సమయంలో అంతకుముందు చేసుకున్న తీర్మానాన్ని కదపకూడదనీ, మనసు నిండుగా ఉన్న రోజుల్లోనే రాబోయే వెలితికి సిద్ధపడాలనీ, లోపలి భయాన్ని దాచుకోకుండా మార్గదర్శకుడి ముందు పెట్టాలనీ, కోట చుట్టూ తిరిగి బలహీనమైన చోటు వెతికే సేనాపతిలా శత్రువైన సాతాను మనలో కాపలా లేని చోటునే ఎంచుకుంటాడనీ అందులో ఉన్న సూచనలను ఆయన ఒక్కొక్కటిగా, అవసరమైన రోజునే అందించారు. మత్తయి సువార్త 7వ అధ్యాయంలోని బండమీద కట్టిన ఇంటి గురించి చిన్నప్పటి నుంచి ఎన్నో ప్రసంగాలు విన్నాను. వరద వచ్చిన రాత్రి ఆ ఇంట్లో ఉన్నవాడు ఏం చేయాలో ఇంత వివరంగా చెప్పినవారు తక్కువ. మొదట చెప్పిన షామియానా, మైకుల ఉజ్జీవ కూడిక మనిషిని లేపుతుంది, కాదనను. ఆ వేడి చల్లారాక ఏం చేయాలని అడిగితే మాత్రం దాని దగ్గరున్న జవాబు ఇంకో కూడికే.

రెండో కొలత మార్గదర్శకుడి నిగ్రహం. ఉత్సాహంలో ఉన్న మనిషిని తొందరపాటు ప్రమాణాలు చేయనివ్వకూడదనీ, ఏదో ఒక వైపుకు తాను మొగ్గు చూపకూడదనీ పుస్తకం మార్గదర్శకుణ్ణి హెచ్చరిస్తుంది. ఉద్యోగం మానేసి పూర్తికాల పరిచర్యకు వెళ్దామన్న ఆలోచన నాకు కలిగినప్పుడు ఆయన ఔననలేదు, కాదనలేదు. ఇంటికి వెళ్ళి కొన్ని నెలలు గడిచాక కూడా అది నిలిస్తే చూడమన్నారు. కానుకల ప్రస్తావన ఒక్కసారి కూడా రాలేదు. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు.

లోపాలూ ఉన్నాయి. ప్రహరీ అవతలి ఫంక్షన్ హాలు డీజే ఒక రాత్రంతా మౌనాన్ని మింగేసింది. అది వారి చేతిలో లేనిదే. కానీ ధ్యానానికి వచ్చినవారు ఎక్కువై, కొన్ని రోజులు అరగంట కాస్తా పది నిమిషాలకు కుదించుకుపోవడం మాత్రం వారి చేతిలోనిదే. అంతకన్నా పెద్ద లోటు, ముగిశాక తోడు లేకపోవడం. పనుల్లో తలమునకలైనవారు ఇంట్లోనే రోజుకు గంటన్నర కేటాయించి ఈ సాధనను కొనసాగించే పద్ధతిని ఇగ్నేషియసే సూచించాడు; నెలకొకసారి ఫోనులోనైనా మాట్లాడే ఏర్పాటు ఉంటే ఈ కేంద్రం దాన్ని సులభంగా నడపగలదు.

కుంగుబాటుకు చికిత్స తీసుకుంటున్నవారు ముందుగా వైద్యుణ్ణి అడిగి, ఆ సంగతి దరఖాస్తులో తెలపడం మంచిది. మనిషి వయసును, శక్తిని బట్టి సాధనను తగ్గించి ఇవ్వాలన్నది కూడా ఆ పుస్తకంలోని నియమమే. పేరు నమోదు చేసుకునేటప్పుడు ఒక్కొక్క మార్గదర్శకుడికి ఎంతమందిని అప్పగిస్తున్నారో తప్పక అడగాలి. పదిమందికి మించితే మరో విడతకు మారడమే మేలు.