శాన్ డియాగో ‘లాస్ట్ గిఫ్ట్’: చివరి ఆరు నెలలూ, ఆ తర్వాతి ఆరు గంటలూ

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, శాన్ డియాగోలో 2017 నుంచి ‘లాస్ట్ గిఫ్ట్’ అనే పరిశోధన నడుస్తోంది. ఒంట్లో హెచ్‌ఐవీ ఎక్కడెక్కడ దాగుతుందో వెతకడం దీని పని. హెచ్‌ఐవీ ఉండి, క్యాన్సరో గుండె జబ్బో ఏఎల్‌ఎస్ లాంటి నరాల జబ్బో ముదిరి, ఇక ఆరు నెలలకు మించి కష్టమని డాక్టర్లు చెప్పినవాళ్లు ఇందులో చేరతారు. ఉన్నన్నాళ్లూ రక్తం ఇస్తారు, పోయాక దేహం ఇస్తారు. సైన్సుగా దీని విలువ గురించి చాలామంది రాశారు. చేరే మనిషికీ ఆ ఇంటివాళ్లకీ ఇది ఎలాంటి సేవ, ఎక్కడ బాగుంది, ఎక్కడ లోటు అన్నది ఇక్కడ చూద్దాం. ముందే చెప్పేస్తాను: నిజాన్ని దాచకుండా చెప్పడంలో దీనికి పూర్తి మార్కులు. మనిషి పోయిన తర్వాతి రక్షణలో మాత్రం లోటుంది. అందులో ఎక్కువ భాగం ఈ బృందానిది కాదు, అమెరికా చట్టానిది.

అసలు దేహమే ఎందుకు కావాలి? హెచ్‌ఐవీకి వాడే ఏఆర్‌టీ మందులు వైరస్‌ను పెరగనివ్వవు, అంతే. నిద్రాణంగా ఉన్న సీడీ4 అనే రోగనిరోధక కణాల డీఎన్‌ఏలో వైరస్ తన జన్యువును అతికించుకుని కూర్చుంటుంది. ఆ కణాన్ని మందూ తాకదు, రోగనిరోధక వ్యవస్థా గుర్తుపట్టదు. ఇలాంటి దాగుడు స్థావరం ఉందని 1997లోనే తేలింది. సీడీ4 కణాలు కూడా లింఫోసైట్లనే తెల్లకణాల్లో ఒక రకం. మన లింఫోసైట్లలో రక్తంలో తిరిగేవి సుమారు 2 శాతమే. మిగిలినవన్నీ లింఫ్ గ్రంథుల్లో, పేగు గోడల్లో, ప్లీహంలో ఉంటాయి. రక్తం మాత్రమే పరీక్షించి వైరస్ లెక్క తేల్చడమంటే గడప దగ్గర నిలబడి ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పినట్టే. బతికున్న మనిషి నుంచి పేగు ముక్కో లింఫ్ గ్రంథో తీయొచ్చు. మెదడును, వెన్నుపామును తీయలేం.

ఈ కార్యక్రమానికి ఆయువుపట్టు ఆరు గంటల గడువు. ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు శవపరీక్ష మొదలు కావాలని లక్ష్యం. మామూలు ఆసుపత్రుల్లో ఒకటి రెండు రోజులు పట్టినా నష్టం లేదు, ఎందుకంటే అక్కడ కావలసింది మరణానికి కారణం. ఇక్కడ కావలసింది ఆర్‌ఎన్‌ఏ, ఇంకా ప్రాణమున్న కణాలు. ఆలస్యమైన కొద్దీ కణాల్లోని ఎంజైములు ఆర్‌ఎన్‌ఏను తినేస్తాయి. ఇది పేగులో మరీ త్వరగా జరుగుతుంది. అందుకే రాత్రీ పగలూ, పండగ రోజూ, ఫోన్ మోగితే కదిలే బృందం ఉండాలి. ప్రతి అవయవం నుంచీ తీసిన ముక్కలు మూడు దారుల్లో వెళ్తాయి. కొన్నిటిని అక్కడికక్కడే గడ్డకట్టించి మైనస్ 80 డిగ్రీల్లో దాస్తారు, ఇవి డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ లెక్కలకు. కొన్ని ఫార్మాలిన్‌లో వేస్తారు, ఇవి మైక్రోస్కోపు కింద చూడటానికి. మరికొన్నిటిని పోషక ద్రవంలో ఉంచి, కణాలు బతికుండగానే విడదీస్తారు. ఈ మూడో దారి గడువు దాటితే మూసుకుపోయినట్టే.

పడ్డ కష్టానికి ఫలితం దక్కిందా అంటే, దక్కింది. 2020లో ఆరుగురి వివరాలు ప్రచురించారు. వాళ్లలో నలుగురు మందులతో వైరస్ అణిగి ఉన్నవాళ్లు, ఇద్దరు మందులు ఆపేశాక వైరస్ మళ్లీ లేచినవాళ్లు. రక్తం నుంచి, 28 రకాల కణజాలాల నుంచి వైరస్ పైతొడుగు జన్యువు చెడకుండా ఉన్న జన్యు వరుసలు (సీక్వెన్సులు) 605 దొరికాయి. మందులు ఆపిన తర్వాత ఒకే నమూనా వైరస్ రక్తంలో కుప్పలుగా పెరిగి ఒళ్లంతా పాకిన తీరు, రక్తమూ లింఫ్ కణజాలమూ దానికి ముఖ్యమైన బయలుదేరు చోట్లు కావడం, మెదడుకూ మిగతా ఒంటికీ మధ్య వైరస్ రాకపోకలు అందులో కనిపించాయి. 2023లో మరో అడుగు పడింది. ఇక్కడి దాతల మెదడు నుంచి మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలను బతికుండగానే వేరుచేసి, ఏళ్ల తరబడి మందులు వాడినా వాటిలో వైరస్ దాగి ఉంటుందని చూపించారు. ఆ గడువు పాటించకపోతే ఈ రెండో పని జరిగేదే కాదు.

ఇక అంగీకారం సంగతి. ఈ విషయంలో లాస్ట్ గిఫ్ట్ తీరు నాకు బాగా నచ్చింది. ‘దీనివల్ల మీ జబ్బు తగ్గదు, మీ హెచ్‌ఐవీ పోదు, మీకు వైద్యపరంగా ఒరిగేదేమీ లేదు’ అని మొదటే చెప్పేస్తారు. చావు దగ్గరపడిన మనిషి ఏ పరిశోధననైనా వైద్యమనే అనుకునే ప్రమాదం ఎక్కువ. ‘హెచ్‌ఐవీని నయం చేయడం’ అనే మాట చెవిన పడితే చాలు, ఆశ పుడుతుంది. అందుకే అర్థమైందా అని అడిగి, తల ఊపితే సంతకం పెట్టించుకోవడం సరిపోదు. చదివింది తన మాటల్లో తిరిగి చెప్పించాలి. ఇదే విశ్వవిద్యాలయంలో తయారైన యూబీఏసీసీ అనే పది ప్రశ్నల పరీక్ష అందుకు పనికొస్తుంది. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి రెండు మార్కులుంటాయి, ఐదు నిమిషాల పని. ఒకసారి పెట్టించి వదిలేయడం కూడా తప్పే. మార్ఫిన్ మోతాదు పెరిగినా, క్యాన్సర్ మెదడుకు పాకినా నిన్న అర్థమైంది ఇవాళ అర్థం కాకపోవచ్చు. ప్రతి రక్తపరీక్షకు ముందూ ‘ఇవాళ వద్దా?’ అని అడిగే అలవాటు ఏ పత్రం కన్నా గట్టి రక్షణ. లాస్ట్ గిఫ్ట్‌ను నడిపే సారా జియానెల్లా, డేవీ స్మిత్‌ల బృందం, పరిశోధనల్లో నైతికతను అధ్యయనం చేసే కరీన్ దూబేను పక్కన పెట్టుకుని, దాతలనూ దగ్గరివాళ్లనూ కూర్చోబెట్టి ఇంటర్వ్యూలు చేయించింది. తన పనిని తానే ఇలా పరీక్షకు పెట్టుకునే బృందాలు అరుదు.

చివరి వారాల్లో మందుల లెక్క వేరే. మింగలేని స్థితి వచ్చినప్పుడు ఏఆర్‌టీ మానేయడమా, పొడి చేసి ఇవ్వడమా అన్న ప్రశ్న వస్తుంది. మానేస్తే సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో వైరస్ మళ్లీ లేస్తుంది. జ్వరం, నోట్లో పూత రావచ్చు. ఇతరులకు అంటదన్న భరోసా కూడా పోతుంది. పరిశోధకులకు మాత్రం మందులు ఆపిన దేహం విలువైన సమాచారం, ఇందాకటి ఇద్దరి సంగతి చూశాంగా. మందు ఆపమని పరిశోధకుడి నోటి నుంచి సూచన కూడా రాకూడదు అనేది అందుకే. ఆ మాట రోగి నుంచి, లేదా చూసే డాక్టరు నుంచి రావాలి. మందు కొనసాగించినా చిక్కులున్నాయి. కోబిసిస్టాట్ గానీ రిటోనవిర్ గానీ ఉన్న మందు వాడుతుండగా నొప్పికి ఫెంటానిల్ పట్టీ వేస్తే, కాలేయం ఫెంటానిల్‌ను విరగ్గొట్టలేక రక్తంలో దాని మోతాదు పెరిగి, ఊపిరి మందగిస్తుంది. హాస్పిస్ (చివరి రోజుల్లో ఉపశమన సేవ) నర్సుకు హెచ్‌ఐవీ మందుల జాబితా అందకపోతే జరిగేది ఇదే. రక్తం తీసే మోతాదు కూడా ఎప్పటికప్పుడు చూసుకోవాలి. రక్తహీనతతో ఉన్న మనిషికి ఆరోగ్యవంతుడి లెక్క పనికిరాదు.

కాలిఫోర్నియాలో ఇంకో సున్నితమైన అంశం ఉంది. 2016 జూన్ 9 నుంచి అక్కడ అమల్లో ఉన్న చట్టం ప్రకారం, ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటే చివరి దశ రోగి ప్రాణం తీసే మందు తనే తీసుకోవచ్చు. ఎప్పుడు పోతారో ముందే తెలిస్తే ఆరు గంటల గడువు అందుకోవడం చాలా తేలిక. ఆ తేలికే ఇక్కడ ప్రమాదం. పరిశోధక బృందంలో ఎవరూ ఆ ఇద్దరు డాక్టర్లలో ఉండకూడదు. తేదీ గురించి ఒక్క మాటా అనకూడదు. బృందం వీలును బట్టి ఆ రోజు ముందుకో వెనక్కో మారిందంటే, మిగతా పత్రాలన్నీ ఎంత సక్రమంగా ఉన్నా ఆ దానం చెల్లదనే నేనంటాను.

అసలు పరీక్ష ఆ రాత్రే. ఇంట్లో ప్రాణం పోతుంది. కంగారులో ఎవరో అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తారు. చివర్లో ఏ చికిత్స కావాలో ఏది వద్దో రోగి, డాక్టరు కలిసి రాసిపెట్టే గులాబీ రంగు పోల్‌స్ట్ పత్రం కళ్లెదుట లేకపోతే వచ్చినవాళ్లు గుండె నొక్కడం మొదలుపెడతారు. వ్యవహారం మరణాలను విచారించే అధికారి, అంటే కరోనర్, దాకా వెళ్లిందంటే గడువు గాల్లో కలిసినట్టే. కాబట్టి పోల్‌స్ట్ ఫ్రిజ్ తలుపు మీద ఉండాలి. ముందు ఎవరికి ఫోన్ చేయాలో (హాస్పిస్ నర్సుకు, ఆ వెంటనే లాస్ట్ గిఫ్ట్ బృందానికి) పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. ఆ రాత్రి తోడుండే ప్రతి ఒక్కరికీ అది తెలిసి ఉండాలి. ఇక కడచూపు. దూరం నుంచి బయల్దేరిన కూతురు ఎనిమిది గంటల తర్వాత చేరితే, బండి అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. దేహానికి స్నానం చేయించడం, నోట్లో తులసి తీర్థం పోయడం లాంటివి జరగాలనుకునే కుటుంబం ఆ ఆరు గంటల్లో ఎంతసేపు తమకు దక్కుతుందో సంతకం రోజే అడగాలి. దేహం విప్పి చూసిన తర్వాత ముఖం చూసుకునే వీలుంటుందా, మెదడు తీస్తారు కాబట్టి ఆ గుర్తులు ఎక్కడ పడతాయి అన్నదీ అడగాలి. అడగడం మొరటుతనమేం కాదు.

చట్టంలోని లోటు ఇదీ. మనుషుల మీద పరిశోధనను అదుపు చేసే అమెరికా నిబంధన బతికున్నవారికే వర్తిస్తుంది. ప్రాణం పోయిన క్షణం నుంచి ఎథిక్స్ కమిటీ చేయి అక్కడిదాకా అందదు. దేహదానాన్ని చూసే చట్టం వేరు. దాని ప్రకారం మనిషి తనంతట తాను ఇచ్చిన దానాన్ని ఇంటివాళ్లు రద్దు చేయలేరు. ఇది దాత మాటకు గౌరవమే. కానీ భార్య ఏడుస్తూ వద్దంటుంటే ఆ చట్టం చూపించి దేహం తీసుకెళ్లడం ఏ బృందమూ చేయకూడదు. అందుకే కుటుంబంతో మాట పెదవి దాటి మనసు దాకా చేరిందో లేదో ముందే చూసుకోవాలి. ఆరోగ్య వివరాల గోప్యత మరణం తర్వాత 50 ఏళ్ల దాకా ఉంటుంది, మంచిదే. అయితే జన్యు వివరాలు రక్తసంబంధీకులవి కూడా. పైగా కొందరి ఇళ్లలో హెచ్‌ఐవీ సంగతే తెలియదు. దేహం కోసం వచ్చిన బండి ఆ రహస్యాన్ని బయటపెట్టొచ్చు. అంగీకార పత్రంలో ‘ఎవరికి ఏం చెప్పొచ్చు’ అని ఒక్కో పేరు ఎదుట రాసుకునే చోటు ఉండాలి. నేనైతే ఆ చోటు లేని పత్రాన్ని తిప్పి పంపమంటాను.

చేరగలిగేది ఎవరన్నదీ ఆలోచించాల్సిందే. గడువు వల్ల దక్షిణ కాలిఫోర్నియా చుట్టుపక్కలవాళ్లకే వీలు. ఇల్లూ, తోడూ ఉన్నవాళ్లకే సులువు. అమెరికాలో ఎక్కువగా ఉన్నది సబ్‌టైప్ బీ రకం వైరస్, మన దగ్గర ఎక్కువగా ఉన్నది సీ. 2021 అంచనాల్లో హెచ్‌ఐవీ వ్యాప్తి ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. ఇక్కడి దేహాల్లో వైరస్ ఎక్కడెక్కడ దాగుతుందో అక్కడి ముక్కలు చెప్పలేవు. అలాంటిది ఇక్కడ మొదలవ్వాలంటే దారి ఇంకా దూరమే. 2017 నాటి మన హెచ్‌ఐవీ చట్టం తెలియజెప్పి తీసుకున్న అంగీకారాన్నీ గోప్యతనూ తప్పనిసరి చేసింది. మన వైద్య పరిశోధనా మండలి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చివరి దశ రోగులను ప్రత్యేక రక్షణ అవసరమైనవారిలో చేర్చాయి. కాగితం మీద పునాది ఉంది. కానీ హెచ్‌ఐవీ ఉన్న దేహాన్ని మెడికల్ కాలేజీ అనాటమీ విభాగాలు దానంగా తీసుకోవు. కోసి నేర్చుకునే విద్యార్థుల భద్రత కోసం ఆ నియమం సరైనదే. అయితే ఇవ్వాలనుకునే మనిషికి ‘మీది వద్దు’ అన్న జవాబు తప్ప వేరే తలుపు లేదు. మొదట కావలసింది ల్యాబ్ కాదు, ఇంటికొచ్చి నొప్పి తగ్గించే పాలియేటివ్ నర్సు. ఆ నర్సు లేని ఊళ్లో చావు దగ్గరపడిన మనిషి ముందు పరిశోధన పత్రం పెడితే, సంతకం నొప్పి మందు కోసం పడుతుంది.