రెండు వేల రూపాయల డయల్ గేజ్, పదిహేనేళ్ళ కారు

బ్రేకు డిస్కు తిన్నగా తిరుగుతోందా, ఊగుతోందా అని కొలిచే ఈ గేజ్ కొని మూడేళ్ళు దాటింది. కార్ల మీద పిచ్చితో కొనలేదు, విసుగెత్తి కొన్నాను. అంతకుముందు రెండేళ్ళలో ముందు చక్రాల బ్రేకు డిస్కులు రెండుసార్లు మార్పించాను. రెండుసార్లూ అయిదారు వేల కిలోమీటర్లు తిరిగేసరికి బ్రేకు పెడల్ మళ్ళీ కాలిని తన్నడం మొదలుపెట్టింది. మూడోసారి కూడా "డిస్కు బెండ్ అయిపోనాది, మార్చేద్దాం భాయినా" అని మెకానిక్ అన్నప్పుడు ఇక ఒప్పుకోలేకపోయాను.

మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా జయపురం. నెలకి రెండు మూడుసార్లు కొట్టుకి సరుకు కోసం విజయనగరం వెళ్ళొస్తాను, ఒకవైపు దాదాపు నూటయాభై కిలోమీటర్లు. కోరాపుట్ ఊరు 870 మీటర్ల ఎత్తులో ఉంటుంది, సాలూరు కింద మైదానంలో ఉంటుంది. మధ్యలో సుంకి ఘాట్. బ్రేకులకి అసలు పరీక్ష అక్కడే. ఆ దారిలో ఈ పాత చిన్న కారుని నమ్ముకునే తిరుగుతున్నాను.

నా కారుకి ఉన్న జబ్బులు రెండు, ఒకటి కాదు. అది తెలుసుకోవడానికే చాలా డబ్బు పోయింది. రామభద్రపురం దాటి రోడ్డు సాఫీగా దొరికాక ఎనభై దగ్గర స్టీరింగ్ సన్నగా వణికేది, తొంభై దాటితే తగ్గేది. ఇది బ్రేకు ముట్టుకోకపోయినా ఉండేది. రెండోది బ్రేకు వేస్తేనే వచ్చేది. పెడల్ కాలి కింద టక టక కొట్టేది, స్టీరింగ్ కుడీ ఎడమా ఊగేది. "వీల్ ఊగుతోంది" అని రెండూ కలిపి చెబితే మెకానిక్ మాత్రం ఏం చేస్తాడు? ఒకసారి బ్యాలెన్సింగ్, ఒకసారి టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే కడ్డీల చివర్లు), ఒకసారి డిస్కులు. ఆయన మీద నాకు కోపం లేదు, చెప్పడం రానివాణ్ణి నేనే.

మొదటిదానికి గేజ్ అక్కర్లేదు. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నడిపితే వణుకు స్టీరింగ్‌లోంచి సీటు కిందకి పోయింది. అంటే తప్పు చక్రంలోనే ఉందని అర్థం. విప్పి చూస్తే రిమ్ము లోపలివైపు మా ఎర్రమట్టి, ఎండి ఇటుకలా అతుక్కుని ఉంది. వానాకాలంలో మా రోడ్ల మీద తిరిగే ఏ బండికైనా ఇది మామూలే. మట్టి గీకకుండా బ్యాలెన్సింగ్ చేయిస్తే ఆ మట్టికి కూడా కలిపి బరువులు కొడతారు. వారానికి ఆ పెళ్ళ ఊడి పడితే మళ్ళీ మొదటికొస్తుంది. శుభ్రంగా కడిగి మళ్ళీ బ్యాలెన్స్ చేయిస్తే వణుకు ముప్పాతిక వంతు పోయింది. మిగిలింది ఒక రిమ్ము వంకర, దాన్ని స్టెప్నీకి పంపాను.

పెడల్ కొట్టుకోవడం మాత్రం అలాగే ఉంది. ముందా వెనకా తేల్చడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. వెనక బండ్లు లేని తిన్నని రోడ్డు చూసుకుని నలభైలో వెళ్తూ, హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కి పట్టుకునే నెమ్మదిగా లాగాలి. నా కారులో అది వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములని మాత్రమే పట్టుకుంటుంది. అప్పుడు కొట్టుకోలేదు కాబట్టి వెనక డ్రమ్ములు గుండ్రంగానే ఉన్నాయి, తేడా ముందు ఉంది.

ఇక గేజ్ సంగతి. గుండ్రటి ముఖం, ఒక్కో గీత 0.01 మిల్లీమీటర్, ముల్లు ఒక చుట్టు తిరిగితే ఒక మిల్లీమీటర్. అయస్కాంతం దిమ్మని స్ట్రట్ (షాక్ అబ్జార్బర్ ఉండే కాలు) కింద ఇనుప భాగానికి అంటించి, గేజ్ మొనని డిస్కు అంచుకి ఓ సెంటీమీటర్ లోపలగా నిటారుగా ఆనించి, డిస్కుని చేత్తో ఒక చుట్టు తిప్పాలి. ముల్లు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఊగిందో అదే డిస్కు పక్కకి ఊగే లెక్క. ఇక్కడ నేను మొదటిరోజు చేసిన తప్పు మీరు చేయకండి. చక్రం తీసేశాక డిస్కుని పట్టి ఉంచేది ఏమీ ఉండదు. నట్లు వాషర్లు వేసి మళ్ళీ బిగించకపోతే డిస్కు కదులుతుంది, గేజ్ ఏదో ఒక అబద్ధం చెబుతుంది. నాకు ముందు అరవై గీతలు చూపించింది, గుండె ఆగినంత పనైంది. బిగించాక పద్నాలుగు.

పద్నాలుగు గీతలంటే 0.14 మిల్లీమీటర్. మామూలుగా కార్ల కంపెనీలు ఒప్పుకునేది 0.05 నుంచి 0.10 లోపే. సరే, డిస్కు విప్పి పక్కన పెట్టి, గేజ్ మొనని హబ్ (డిస్కూ చక్రమూ బిగించే దిమ్మ) ముఖం మీద ఆనించాను. ఆరు గీతలు ఊగింది! దొంగ అక్కడ దొరికాడు. హబ్ మీద తుప్పు పొక్కులు పొక్కులుగా ఉంది. హబ్ చిన్నది, డిస్కు పెద్దది కాబట్టి హబ్ అంచున ఉన్న వంకర డిస్కు అంచుకి వచ్చేసరికి ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. కొత్త డిస్కు తెచ్చి ఆ తుప్పు మీదే కూర్చోబెడితే అది మొదటిరోజు నుంచే వంకరగా తిరుగుతుంది.

మరి అయిదారు వేల కిలోమీటర్ల దాకా ఎందుకు తెలియదు? ఊగే డిస్కు బ్రేకు వేయకపోయినా ప్రతి చుట్టులో ప్యాడ్‌కి (డిస్కుని అదిమిపట్టే బ్రేకు బిళ్ళకి) ఒకేచోట రాసుకుంటుంది. ఆ చోటు మెల్లగా అరుగుతుంది. డిస్కు మందంలో తేడా వచ్చాకే పెడల్ కొట్టుకుంటుంది. ఇది గేజ్ చూపించలేదు, దానికి మందం కొలిచే మైక్రోమీటర్ కావాలి. లేత్ షాపులో అడిగి తెచ్చుకుని చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచాను, ఎక్కువకీ తక్కువకీ 0.03 తేడా. వినడానికి ఏమీ కాదు, కాలికి మాత్రం బాగా తెలుస్తుంది.

ఎమరీ పేపర్, ఇనుప బ్రష్షు పెట్టి హబ్ మెరిసేదాకా ఓ పూట రుద్దాను. హబ్ రెండు గీతలకి దిగింది. కొత్త డిస్కు పెట్టి చూస్తే ఏడు గీతలు. ఇంకో బోల్టు రంధ్రానికి జరిపి పెడితే నాలుగు. హబ్ వంకరా డిస్కు వంకరా ఒకదాన్నొకటి కొట్టేసుకునే చోటు ఒకటి దొరుకుతుంది, ఓపిగ్గా జరుపుతూ చూడాలంతే. క్యాలిపర్ (ప్యాడ్లని నొక్కే భాగం) పిన్నులు ఎండిపోయి ఉంటే వాటికి సరైన గ్రీజు పెట్టాను. ఆ తర్వాత నలభై వేల కిలోమీటర్లు నడిచింది.

మధ్యలో ఒకసారి గొడవ చేసింది. పంక్చర్ వేసిన చోట గాలి గన్నుతో నట్లు బిగించారు, ఒకటి విప్పరానంత గట్టిగా, ఇంకోటి వదులుగా. అక్కడ కొలిస్తే తొమ్మిది గీతలు. అన్నీ వదులు చేసి, ఎదురెదురు నట్లని వరస మార్చి మాన్యువల్‌లో ఉన్నట్టు 85 న్యూటన్ మీటర్లకి, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచితో బిగిస్తే మళ్ళీ అయిదుకి దిగింది. ఇప్పుడు పంక్చర్ కుర్రాడికి "చేత్తో బిగించు నాన్నా, గన్ను వద్దు" అని ముందే చెబుతాను. నవ్వుతాడు, కానీ చేత్తోనే బిగిస్తాడు.

గేజ్‌లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. దీనితో వచ్చిన, గేజ్‌ని పట్టి ఉంచే వంగే చెయ్యి పనికిమాలినది. చూడ్డానికి పాములా సోకుగా ఉంటుంది గానీ, డిస్కు తిప్పుతుంటే అదే వంగిపోతుంది. ఆరువందలు పెట్టి కడ్డీల స్టాండు విడిగా కొన్నాను, మొదటే అది కొనాల్సింది. అయస్కాంతం కింద మట్టి రవ్వంత ఉన్నా దిమ్మ జారుతుంది. రెండో ఏడు మొన లోపలికి దుమ్ము చేరి ముల్లు మధ్యలో ఆగడం మొదలైంది. పొడిగుడ్డతో తుడిస్తే కదిలింది. నూనె మాత్రం వేయకండి, జిగురై ఇంకా బిగుస్తుంది.

ఘాట్‌లో నా అలవాటు కూడా మారింది. రెండో గేరులో దిగుతాను. కింద చెక్‌పోస్టు దగ్గర ఆగితే కాలు బ్రేకు మీద నొక్కి ఉంచను. డిస్కు కాలిపోతున్నప్పుడు ప్యాడ్ ఒకేచోట అదిమి ఉంటే దాని పదార్థం అక్కడ అచ్చులా అంటుకుంటుంది. వాగు కనబడగానే చక్రాల మీద నీళ్ళు కొట్టే సరదా కూడా మానేశాను.

కుడివైపు ఇప్పటికీ నాలుగు గీతల దగ్గరే ఉంది. ఎడమవైపు మొన్న ఆరు చూపించింది. పెడల్‌లో ఇంకా ఏమీ తెలియడం లేదు. బేరింగ్ అనుమానం ఉంది. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే రవ్వంత ఆట తగులుతోంది. వానలు వెలిశాక విప్పి చూడాలి.