ఆలోడినా, టీసీపీనా, సోల్-జెల్లా: యుద్ధవిమానానికి రంగు వేసే ముందు ఏది మేలు?

విమానం అల్యూమినియం మీద ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) పట్టేందుకు దానికన్నా ముందు వేసే పొరలివి: క్రోమేట్ ఉన్న పాత ఆలోడిన్, దాని బదులు వచ్చిన టీసీపీ, సోల్-జెల్. నా ఓటు ఎటో ముందే చెప్పేస్తాను. విడి భాగాలను తొట్టిలో ముంచి తీసే చోట టీసీపీ. హ్యాంగర్‌లో నిలబెట్టిన మొత్తం విమానానికి సోల్-జెల్. ఆ విమానం సముద్రం పక్కన ఉండబోతుంటే మాత్రం, పైన ప్రైమర్ ఇంకొన్నాళ్లు క్రోమేట్‌దే, అంటే ఆలోడిన్‌లోని విషపు క్రోమియం ఉన్నదే. ఈ మూడో మాట దగ్గరే "మరి క్రోమ్ మానేశామని చెప్పుకోవడం ఎందుకండీ" అని గొడవ మొదలవుతుంది, బెంగళూరులో ఈ పని చేసే మన తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఎప్పుడూ ఇదే వరస, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఆలోడిన్ 1200 సంగతి తెలియనివాళ్ల కోసం: అల్యూమినియాన్ని కడిగి, పాత ఆక్సైడ్ పొరను యాసిడ్‌తో తీసి, క్రోమిక్ యాసిడ్ ఉన్న ద్రావణం పట్టిస్తే నిమిషాల్లో లేత బంగారు రంగు పొర వస్తుంది. దాని మీద ఎపాక్సీ ప్రైమర్, ఆపైన పాలీయురేథేన్ టాప్‌కోట్. దీన్ని ఓడించడం ఎందుకంత కష్టమంటే, విమానాల్లో వాడే 2024 అల్యూమినియంలో నాలుగు శాతం పైనే రాగి ఉంటుంది, ఆ రాగి ఎక్కువున్న రేణువుల దగ్గర చెమ్మ చేరితే చుట్టూ ఉన్న లోహం గుంటలు పడిపోతుంది. క్రోమేట్ పొర మీద గీత పడినా, పొరలో మిగిలిన హెక్సావలెంట్ క్రోమియం (నీళ్లలో కరిగే, విషపు రూపం) ఆ చెమ్మలోనే కరిగి గీత దాకా వెళ్లి, అక్కడ ట్రైవలెంట్‌గా (కరగని, అంత విషం కాని రూపం) మారి గట్టిపడి దారి మూసేస్తుంది. ఎవరూ చెయ్యి వేయక్కర్లేదు. పోటీకి వచ్చినవి ఏవీ ఈ పని ఇంత బాగా చేయలేవు, అది ఒప్పుకునే మాట్లాడాలి.

ఒప్పుకున్నా ఆ హెక్సావలెంట్ క్రోమియం విషమే. ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందన్నదాంట్లో అనుమానం లేదు. అమెరికాలో 2006లో పనిచేసే చోట గాలిలో ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములకు మించకూడదని రూలు పెట్టారు, 2009లో వాళ్ల రక్షణ శాఖ వీలైనంత వరకు వాడకం తగ్గించమని ఆదేశమిచ్చింది, యూరప్‌లో 2017 సెప్టెంబర్ తర్వాత క్రోమియం ట్రయాక్సైడ్‌కు అనుమతి లేకుండా చేయి పెట్టడానికి లేదు. మన దగ్గర వదిలే నీటిలో హెక్సావలెంట్ క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. రూల్స్ సంగతి పక్కన పెట్టండి, బెంగళూరు నుంచి చెన్నై వెళ్లే దారిలో రాణిపేట ఉంది, అక్కడ మూతపడిన క్రోమేట్ ఫ్యాక్టరీ వదిలేసిన వ్యర్థం లక్ష టన్నులకు పైనే, భూగర్భ జలం పసుపుపచ్చగా మారిన ఊరది.

ఇక టీసీపీ, అంటే ట్రైవలెంట్ క్రోమియం ప్రాసెస్. అమెరికా నౌకాదళం వాళ్ల ప్యాటక్సెంట్ రివర్ ల్యాబ్‌లో పుట్టింది, సర్‌టెక్ 650 లాంటి పేర్లతో దొరుకుతుంది. ఇందులో క్రోమియం ఉంది కానీ ట్రైవలెంట్, తోడుగా జిర్కోనియం. పెద్ద సుఖం ఏమిటంటే ఉన్న తొట్ల వరుసే దాదాపు సరిపోతుంది. రంగు వేయకుండా ఉత్తగా వదిలేసినా ఉప్పునీటి పొగలో 168 గంటల పరీక్ష నెగ్గుతుంది, పొర గుండా కరెంటు కూడా పోతుంది కాబట్టి యాంటెన్నా కూర్చునే చోట, ఎర్తింగ్ పాయింట్ల దగ్గర ఇబ్బంది లేదు. ఈ రెండూ సోల్-జెల్ వల్ల కాని పనులు.

టీసీపీతో చిక్కంతా కంటికి కనబడకపోవడమే. ఆలోడిన్ పడిందో లేదో బంగారు రంగు చూసి హెల్పర్ కూడా చెప్పేస్తాడు. టీసీపీ వేశాక లేత నీలం ఛాయ ఏదో ఉందా లేదా అని టార్చి వేసి మెడ తిప్పి తిప్పి చూడాలి, ఇన్‌స్పెక్టర్ "పొర ఏదయ్యా?" అంటాడు, మనం కాగితాలు చూపిస్తాం. అంటే నమ్మకం కంటి మీంచి ప్రాసెస్ మీదకు మారాలి: తొట్టి పీహెచ్, సమయం, ప్రతి లాట్‌తో పాటు ముంచిన టెస్ట్ ప్యానెల్. ముఖ్యంగా ముందు చేసే యాసిడ్ కడుగుడు, 2024 అల్యూమినియం మీద అది సరిగ్గా చేయకపోతే రాగి పైకి తేలి మసి మిగిలి టీసీపీ సరిగా కూర్చోదు, ఆలోడిన్ కాస్త ఓర్చుకునేది, ఇది ఓర్చుకోదు. ట్రైవలెంట్ పొరలోనూ కొన్ని పరిస్థితుల్లో కాస్త హెక్సావలెంట్ పుడుతుందని పరిశోధకులు చూపించారు, అయినా రెంటికీ పోలికే లేదు.

సోల్-జెల్ దారి వేరు. బోయింగ్ వాళ్ల బోజెల్ నుంచి వచ్చిన ఏసీ-131 లాంటివి ఈ రకం. జిర్కోనియం వైపు అల్యూమినియాన్ని పట్టుకుంటుంది, సైలేన్ (సిలికాన్ ఉన్న రసాయనం) వైపు ఎపాక్సీ ప్రైమర్‌ను పట్టుకుంటుంది. పెళ్లిళ్ల పేరయ్య అనుకోండి, ఇద్దరినీ గట్టిగా కలుపుతుంది, తర్వాత కాపురంలో తుప్పు పడితే దానికి సంబంధం లేదు. తుప్పు ఆపే పనంతా ప్రైమర్‌దే. కానీ అతుకు మాత్రం అద్భుతం, నీళ్లలో నానబెట్టి గీతలు గీసి టేపు లాగే పరీక్షలో బాగా నిలుస్తుంది. పైగా వేశాక కడగక్కర్లేదు. మొత్తం విమానానికి ఆలోడిన్ కొట్టి కడిగితే వచ్చే క్రోమియం కలిసిన పసుపుపచ్చ నీళ్లన్నీ పట్టి, మెటాబైసల్ఫైట్ వేసి, సున్నం వేసి, బురద వేరు చేసి పంపాలి. 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం బెంగళూరు పడ్డ పాట్లు చూసినవాళ్లకు కడగక్కర్లేదు అన్న మాట విలువ వేరే చెప్పాలా! కలిపిన మందు ఆ షిఫ్టులోనే వాడాలి, ప్రైమర్ ఆలస్యం చేయకూడదు, ఆ ప్లానింగ్ తలనొప్పి ఒకటుంది. అమెరికా వైమానిక దళం శిక్షణ విమానాలకు, ఎఫ్-16లకు వాడిన ప్రీకోట్ అనే మందు కూడా సైలేన్ బాపతే, ప్యాడ్‌తో రుద్ది కడిగే రకం. యాసిడ్ తప్పుతుంది, రుద్దే చేతులు కావాలి.

మన తేజస్ యుద్ధవిమానం లాంటి దానిలో పైకి కనబడే చర్మంలో ఎక్కువ భాగం కార్బన్ ఫైబరే కదా, ఈ గొడవంతా దేనికి అంటారు. కార్బన్ పక్కన అల్యూమినియం ఉంటే తుప్పు పట్టేది అల్యూమినియమే, కాబట్టి ఆ తక్కువ చోటే ఎక్కువ భయం.

అమెరికా యుద్ధవిమానం ఎఫ్-22 కథ ఇక్కడ పనికొస్తుంది. చర్మం పలకల మధ్య నింపిన కరెంటు పారే ఫిల్లర్ అల్యూమినియానికి పొసగక తుప్పు మొదలైంది. 2010లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఈ పాఠాలు చూస్తూ, ఎఫ్-35కి ఎంచుకున్న క్రోమేట్ లేని ప్రైమర్ నిజమైన సర్వీసులో ఇంకా రుజువు కాలేదని కూడా హెచ్చరించింది. అందుకే కింది పొర, ప్రైమర్ రెండూ ఒకేసారి మార్చడం నాకు నచ్చదు, రేపు బుడగలు వస్తే తప్పు దేనిదో తేలదు. బెంగళూరు పక్క యలహంక ఎండలో ఏళ్ల తరబడి నిగనిగలాడేది విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం డేగా గాలిలోనో, అరక్కోణం నుంచి సముద్రం మీదకు పోయే నౌకాదళ నిఘా విమానం పీ-8ఐ మీదో అన్నేళ్లు ఆగుతుందని ఎవరూ రాసివ్వరు. ముందు సోల్-జెల్ మీద క్రోమేట్ ప్రైమర్ వేయండి, క్రోమేట్ లేని ప్రైమర్ ప్యానెళ్లను తీరంలో రెండు వర్షాకాలాలు ఉంచి చూడండి. మార్పు ఏదైనా సెమిలాక్ (సైనిక విమానాల భద్రతను ధ్రువీకరించే సంస్థ) అనుమతి లేకుండా జరిగేది కాదు, ఆ డేటా ఎలాగూ అడుగుతారు.

పాత విమానం రీపెయింట్‌కు వస్తే లెక్క మళ్లీ మారుతుంది. అక్కడ హెక్సావలెంట్ క్రోమియం ఎక్కువుండేది సన్నటి ఆలోడిన్ పొరలో కాదు, పాత ప్రైమర్‌లో, అది ఎక్కేది పాత రంగును రుద్ది తీసే శాండర్ పట్టుకున్న కుర్రాడి ఊపిరితిత్తుల్లోకి. కొత్త మందు ఏదని అడిగే ముందు ఆ శాండర్‌కు వాక్యూమ్ తగిలించారా, కుర్రాడికి గుడ్డ మాస్కు కాకుండా సరైన రెస్పిరేటర్ ఇచ్చారా అని అడగండి.