నాలుగేళ్లు వాడిన పనుల యాప్: తేదీలు జరిపే జబ్బు

యాప్ పేరు చెప్పను, ఎందుకంటే ఈ రకం ఇంకొన్ని యాప్‌లలో కూడా ఇదే వరస. గుర్తుచేసే గంటలు, క్యాలెండర్ లాంటివి అన్నిటిలో ఉండేవే, వాటి జోలికి పోను. నా కోపం ఒక్క ఫీచర్ మీద, చేయని పని తేదీని దానంతటదే ముందుకి జరిపేయడం.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక్కణ్ణే కూర్చుని అకౌంట్లు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. 38 పార్టీలు, అంటే నాకు లెక్కలు అప్పజెప్పినవాళ్లు. కిరాణా, మెడికల్ షాపులు, మిర్చి యార్డులో కమీషన్ కొట్లు, ఒక టెంట్ హౌస్. నెలలో 7న టీడీఎస్ (చెల్లింపుల్లో పట్టుకున్న ఆదాయపు పన్ను కట్టడం), 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 15న పీఎఫ్, 20న 3బి (ఆ నెల జీఎస్టీ లెక్క తేల్చి కట్టే రిటర్ను). ఇవి ఎవరికోసమూ ఆగవు. వాటి మధ్య మిగతా పనులన్నీ ఇరికించుకోవాలి, అంతే నా ప్లానింగ్.

ఈ యాప్‌లో మొదట్లో నాకు నచ్చింది ఏంటంటే, ఇవాళ చేయని పని దానంతటదే రేపటి లిస్టులోకి వచ్చేస్తుంది. అంతకుముందు డైరీ వాడేటప్పుడు రోజూ సాయంత్రం మిగిలినవన్నీ మర్నాటి పేజీలోకి ఎత్తి రాసుకునేవాణ్ణి. ఆ చాకిరీ తప్పిందన్న సంతోషంలో మా బావమరిదికి, తెలిసిన ఇంకో ఇద్దరు అకౌంటెంట్లకి కూడా పట్టుబట్టి ఇదే ఎక్కించాను. ఇప్పుడు ఆ అకౌంటెంట్లిద్దరికీ సమాధానం చెప్పుకోలేకపోతున్నాను.

జరిగింది ఇది. నెలనెలా వచ్చే పనులకి రిపీట్ పెట్టేటప్పుడు రెండు రకాలుంటాయి. ఒకటి, ప్రతి నెలా ఫలానా తేదీన. రెండోది, మనం టిక్ పెట్టిన రోజు నుంచి లెక్కేసి నెలకి. బండికి ఆయిల్ మార్పించడం లాంటివాటికి రెండోదే సరైనది. రిటర్నులకి అస్సలు కాదు. నేను తొందరలో ఏది ఏదో చూసుకోకుండా సగం పార్టీలకి రెండోది పెట్టేశాను, ఇందులో తప్పు నాదే, ఒప్పుకుంటాను.

టెంట్ హౌస్ 3బి 20నే వేశాను. కానీ 20 అంటే తెలుసుగా, ఓటీపీ ఓనరు ఫోనుకి పోతుంది, ఆయన ఎక్కడో ఉంటాడు, పది మందికి ఫోన్లు కొడుతూ ఆ రోజు యాప్ తెరవనే లేదు. 22న తీరిగ్గా కూర్చుని వరసగా టిక్కులు పెట్టాను. అది వచ్చే నెల పనిని 22న రాసిపెట్టుకుంది. గడువు పోయిన రెండు రోజులకి! పోనీ 22 అని కనపడగానే నాకు వెలగాలి కదా అంటే, మూడు నెలలకోసారి వేసేవాళ్లకి మన ఆంధ్రలో 3బి గడువు 22నే, కాబట్టి లిస్టులో ఆ అంకె చూస్తే అనుమానం రాదు.

పైగా ఆ నెల ఆషాఢమో మూఢమో, ఒక్క పెళ్లి లేదు, ఒక్క బిల్లు లేదు, నిల్ రిటర్ను. కట్టాల్సింది ఏమీ లేదని నేనే దానికి అట్టడుగు ప్రయారిటీ ఇచ్చాను. ఇక చూడండి, 22న చేయలేదు, 23కి జరిగింది, 24కి జరిగింది, రోజూ ఏమీ ఎరగనట్టు ఇవాళ్టి తేదీ వేసుకుని కింద ఎక్కడో కూర్చుంటోంది. పాత తేదీ ఎక్కడా కనపడదు. 'ఇన్ని రోజులు దాటింది' అని ఎర్రగా చూపించినా నేను లేచి కూర్చునేవాణ్ణి. 27న వేరే దానికోసం కిందికి జరుపుతుంటే కంటపడింది, అప్పుడే వేసేశాను.

నిల్ రిటర్నుకి లేట్ ఫీజు రోజుకి 20, ఏడు రోజులకి 140. పై నెల రిటర్ను తెరిస్తే కేంద్రానికి 70, రాష్ట్రానికి 70 అని గడుల్లో వచ్చి ఉంది. డబ్బు నేనే కడతానని టెంట్ హౌస్ ఆయనకి చెప్పాను. ఆయన వద్దనలేదు. "ఏందబ్బాయ్, వ్యాపారం జరగలేదని చెప్పడానికి కూడా ఫైనా?" అన్నాడు. ఇప్పటికీ ఎక్కడ కనపడ్డా అదే మాట.

ఆ రాత్రి 38 పార్టీల పనులూ ఒక్కొక్కటే తెరిచి చూస్తే ఇంకో ఆరిటి తేదీలు ముందుకి జరిగి ఉన్నాయి. ఒకరి టీడీఎస్ 7 నుంచి 9కి పోయింది. అది పార్టీకి తెలియకముందే పట్టుకున్నాను, లేకపోతే వడ్డీ నెలకి ఒకటిన్నర శాతం, ఒక్కరోజు దాటినా నెల కిందే లెక్క.

రిపీట్లన్నీ ఖాయం తేదీలకి మార్చేశాను. కానీ ఆ జరిపే గుణాన్ని ఆపే మీట సెట్టింగుల్లో ఎక్కడా లేదు. యాప్ వాళ్లకి రెండుసార్లు రాస్తే పరిశీలిస్తామన్నారు. వాళ్లకి అలా రాసి ఏడాది దాటింది. (యాప్ తన చందా తేదీని మాత్రం ఒక్కరోజు కూడా జరపదు.) అందుకని ప్రతి పని పేరు ముందు గడువు అంకె రాసుకుంటున్నాను, '20 టెంట్ హౌస్ 3బి' అని. యాప్ తేదీ మార్చుకున్నా ఆ అంకెని ముట్టుకోలేదు. ఎందుకైనా మంచిదని గోడ మీద క్యాలెండర్‌లో కూడా నాలుగు తేదీలకి సున్నా చుట్టాను. డైరీని తిట్టుకున్నాను గానీ, ఒకే పనిని మూడోసారి ఎత్తి రాసేటప్పుడు చెయ్యే విసుక్కునేది, పని వెనకపడుతోందని అప్పుడే తెలిసేది. ఇక్కడ ఆ విసుగు లేదు.

నాలుగు రంగుల ప్రయారిటీలు కూడా మొదట్లో తెగ మెచ్చుకున్నాను. ఒకరోజు లెక్కేస్తే 23 ఎర్రవి, అంటే అన్నీ అర్జెంటే. నా పనిలో ఏది ముందో తేల్చేది ఎవరు ఫోన్ ఎత్తుతారన్నదే. అందుకే 'ఫోన్' అని ఒక లేబుల్ పెట్టుకుని వాటిని పొద్దున్నే చేసేస్తున్నాను. సీజన్లో యార్డులో కొనుగోళ్లు మొదలయ్యాక కమీషన్ కొట్టువాళ్లు ఎవరూ దొరకరు. ఈ లేబుల్ మాత్రం నిజంగా పనికొచ్చింది.

కొనాలా అంటే, గడువుల్లేని పనులు చేసుకునేవాళ్లకి హాయిగా ఉంటుంది, మా బావమరిది కోల్డ్ స్టోరేజీలో పనికి వాడుతున్నాడు, వాడికి ఏ ఇబ్బందీ లేదు. నాలాగా తేదీ మీద బతికేవాళ్లయితే, పక్కన అసిస్టెంటు లేకపోతే, ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. నా చందా ఇంకా ఐదు నెలలుంది, ఈలోపు 38 పార్టీల వివరాలు ఇంకో దాంట్లోకి ఎక్కించే ఓపిక వస్తే మారతాను, ఏడాది లెక్కలు ముగిసే మార్చి దాకా అయితే రాదు.